రష్యన్ కట్ గ్లాస్ వాజుల జత: పీటర్స్‌బర్గ్ పనా, పారిస్ పనా?

హడ్సన్_తెలుగోడు, న్యూజెర్సీ

అందరికీ నమస్కారం. మా ఇంటికి గంట దూరంలో ఒక పాత బంగళా సామానంతా వేలానికి పెడుతున్నారు. అందులో ఒక జత వాజులున్నాయి. కేటలాగులో రాసింది ఇదీ: రష్యన్, 19వ శతాబ్దం మొదటి పాతికేళ్లు, సెయింట్ పీటర్స్‌బర్గ్ ఇంపీరియల్ గ్లాస్ ఫ్యాక్టరీ పని కావచ్చు, కట్ క్రిస్టల్, బంగారు పూత వేసిన కంచు.

ఒక్కోటి అడుగున్నర పైనే ఎత్తు. పైన తిరగేసిన గంటలా ఉన్న తెల్ల క్రిస్టల్ పాత్ర, ఒళ్లంతా డైమండ్ కోత (చిన్న చిన్న మొనలు తేలేలా కోసిన నమూనా), అంచు బయటికి వంగి ఉంది. దాని కింద ముదురు నీలం గాజు కాడ, ఆ కింద చదరపు కంచు దిమ్మ. రెండు పక్కలా హంసమెడ పిడులు. అవి పాత్ర అడుగున ఉన్న కంచు పట్టీలోకి దిగుతాయి. ఎక్కడా సంతకం గానీ ముద్ర గానీ లేదు.

ఇదివరకు నేను కొన్నవన్నీ విడి కట్ గ్లాస్ గిన్నెలు, డికాంటర్లే. లోహం కలిసిన వస్తువు జోలికి పోలేదు. అంచనా ధర నాకు భారమే, కానీ నిజంగా పీటర్స్‌బర్గ్‌వైతే ఆ ధర తక్కువే. ప్రివ్యూ, అంటే వేలానికి ముందు సరుకు చూసుకునే వీలు, ఈ వారాంతంలో ఉంది. వెళ్లినప్పుడు ఏం చూడాలి, ఏం అడగాలి? తెలిసినవాళ్లు కాస్త ఓపిగ్గా చెప్పండి. ఒకటే టెన్షన్‌గా ఉంది.


గాజుపురుగు, లండన్

ఫొటోలు బాగున్నాయి గానీ అన్నీ ముందు నుంచే తీశారు. వేలంవాళ్లకి ఇవాళే మెయిల్ పెట్టి దిమ్మ అడుగు, కంచు పట్టీ లోపలి వైపు, పిడుల వెనక భాగం, పాత్ర లోపల అడుగు, వీటి ఫొటోలు అడగండి. కండిషన్ రిపోర్టు కూడా అడగండి. అడిగితే ఇస్తారు, అడక్కపోతే ఇవ్వరు. ఇవి రష్యన్‌వని ఎవరు తేల్చారు, ఏ ఆధారంతో తేల్చారు అన్నది కూడా అదే మెయిల్లో రాయండి.

సంతకం లేదని దిగులు పడకండి. ఇంపీరియల్ ఫ్యాక్టరీ గాజు మీద కిరీటం, జార్ (రష్యా చక్రవర్తి) పేరులోని అక్షరం, సంవత్సరం చెక్కి కనిపించేది ఎక్కువగా మూడో అలెగ్జాండర్, రెండో నికొలాస్ కాలంలో. మీవాళ్లు చెబుతున్న కాలపు వస్తువుల మీద గుర్తు లేకపోవడమే మామూలు. అంత పాత వస్తువు మీద కిరీటం ముద్ర కొట్టొచ్చినట్టు కనిపిస్తే నాకు అప్పుడు అనుమానం వస్తుంది.

ఇలాంటి వస్తువులో కంటిని లాగేది గాజు. నిజం బయటపడేది మాత్రం గాజూ లోహమూ కలిసే చోట. ప్రివ్యూలో మీకిచ్చే టైమంతా అక్కడే పెట్టండి.


నేవా_డాక్టర్, విజయవాడ

నేను మెడిసిన్ చదివింది పీటర్స్‌బర్గ్‌లోనే. సెలవు దొరికితే హెర్మిటేజ్‌లోనో, పావ్లోవ్‌స్క్ ప్యాలెస్‌లోనో ఉండేవాణ్ణి. ఈ గాజు మీద ఇష్టం అక్కడే పట్టుకుంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆ ఫ్యాక్టరీ కథ పొటెంకిన్‌తో ముడిపడి ఉంది. పొటెంకిన్ అంటే రష్యా మహారాణి రెండో కేథరిన్‌కి దగ్గరి ప్రభువు. 1777లో ఆమె ప్రభుత్వ గాజు కర్మాగారాన్ని ఆయనకి రాసిచ్చింది. ఆయన దాన్ని రాజధాని పక్కనే ఉన్న ఓజెర్కి అనే ఊరికి మార్పించాడు. 1791లో పొటెంకిన్ పోయాడు, మరుసటి ఏడాది ఖజానా దాన్ని తిరిగి తీసుకుంది. అప్పట్నుంచి అది ఇంపీరియల్ గ్లాస్ ఫ్యాక్టరీ. 1890లో పింగాణీ ఫ్యాక్టరీలో కలిపేసేదాకా విడిగానే నడిచింది. ప్యాలెస్‌లకి కావలసిన షాండ్లియర్లు, విందు సామాను, పరదేశపు రాజులకి పంపే కానుకలు, ఇవీ దాని ముఖ్యమైన పనులు.

అక్కడి వాజులకి డిజైన్లు గీసిచ్చినవాళ్లలో పెద్ద పెద్ద ఆర్కిటెక్టులున్నారు. కజాన్ కెథడ్రల్ కట్టిన ఆంద్రేయ్ వొరొనీఖిన్, వాసిలియెవ్‌స్కీ దీవి కొసన స్టాక్ ఎక్స్ఛేంజ్ భవనం కట్టిన థోమా ద తోమోన్, ఆ తర్వాత కార్లో రోస్సీ. వొరొనీఖిన్ అయితే స్త్రోగనోవ్ ప్రభువుల జమీందారీలో వెట్టివాడిగా పుట్టి, ఆ ప్రభువు చదివిస్తే పైకొచ్చిన మనిషి. 19వ శతాబ్దం మొదటి సగంలో ఫ్యాక్టరీకి ప్రధాన డిజైనరు ఇవాన్ ఇవనోవ్. వీళ్ల వాజు దగ్గర నిలబడితే ఇల్లు కట్టేవాడి లెక్క తెలిసిపోతుంది. దిమ్మకి తగ్గ కాడ, కాడకి తగ్గ పాత్ర, ఏదీ ఇంకోదాన్ని మింగేయదు.

తెల్ల క్రిస్టల్ పాత్ర కింద నీలం, తేనె రంగు లేదా కెంపు రంగు గాజు కాడ పెట్టి, కీళ్ల దగ్గర బంగారు కంచు తొడగడం పీటర్స్‌బర్గ్ వాళ్లు బాగా చేసిన పని. మీ జతలో నీలం కాడ చూడగానే నాకు ఆశ పుట్టింది. మీరున్న చోటు నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ గాజు మ్యూజియం మరీ దూరం కాదు. తోమోన్ డిజైన్‌గా చెప్పే 1808 ప్రాంతపు గాజు బల్ల అక్కడుంది. ఒకసారి చూసి రండి.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ఇదే ఫ్యాక్టరీ ఇరాన్ రాజు ఫత్ అలీ షా కోసం క్రిస్టల్‌తో ఏకంగా ఒక మంచం చేసింది. డిజైన్ ఇవనోవ్‌దే. చుట్టూ కోత పెట్టిన క్రిస్టల్ స్తంభాలు, ఎక్కడానికి నీలం గాజు మెట్లు, పక్కల్లో పన్నీరు చిమ్మే ఫౌంటెన్లు. 1826కి తయారై టెహ్రాన్‌కి చేరింది. అదే ఏడాది ఆ రెండు దేశాల మధ్య యుద్ధం కూడా మొదలైంది. మనిషి పడుకునే మంచాన్నే గాజుతో చేసినవాళ్లకి లోహపు చట్రం మీద ఎంత పట్టు ఉండాలో ఆలోచించండి. బరువు మోసేది గాజు కాదు, దాని లోపలా కిందా దాక్కున్న లోహం.


చార్‌కమాన్, హైదరాబాద్

హడ్సన్ అన్నా, గాజు సంగతి పెద్దలు చెబుతున్నారు. నేను కంచు గురించి చెబుతాను. షాండ్లియర్లు, పాత ల్యాంపులు బాగుచేయడం మా ఇంటి పని.

ఆ కాలంలో బంగారు పూత అంటే పాదరసం పూతే. ముందు పోత పోసిన కంచుకి ఉలితో నగిషీ తేలుస్తారు. బంగారాన్ని పాదరసంలో కలిపి వెన్నలాంటి ముద్ద చేసి, కంచు మీద కుంచెతో రుద్దుతారు. తర్వాత నిప్పు మీద వేడి చేస్తారు. పాదరసం 357 డిగ్రీల దగ్గర ఆవిరైపోతుంది, బంగారం లోహానికి అతుక్కుని మిగులుతుంది. అప్పుడది మసకగా ఉంటుంది. మెరవాల్సిన చోట అకీకు రాయి పెట్టి రుద్దుతారు, మిగతాది మసకగానే వదిలేస్తారు. మంచి పనిలో ఈ మసక, మెరుపు పక్కపక్కనే గీత గీసినట్టు విడిపోయి కనిపించాలి. హంస రెక్క ఈకల మీద చూడండి. ఈక నడిమి గీత మెరుస్తూ, పక్కలు మసకగా ఉన్నాయా, లేక అంతా ఒకే మెరుపా?

ఆ ఆవిరి విషం. పీటర్స్‌బర్గ్‌లోనే సెయింట్ ఐజాక్ కెథడ్రల్ గుమ్మటానికి ఈ పద్ధతిలో బంగారం పట్టించినప్పుడు అరవైమంది పనివాళ్లు చనిపోయారని చెబుతారు. బంగారు కంచు వస్తువు ఏది చేతికొచ్చినా నాకు వాళ్లే గుర్తొస్తారు. అంత ప్రమాదం కాబట్టే కరెంటు పూత రాగానే చాలామంది అటు తిరిగారు. 1838లో బోరిస్ యాకోబీ కరెంటుతో లోహం పేర్చే పద్ధతి చూపించింది కూడా అదే ఊళ్లో. బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ వాళ్లు 1840లో కరెంటు పూతకి పేటెంట్ తీసుకున్నారు.

ఇక మీరు చూడాల్సింది. పిడిని వెనక్కి తిప్పండి. పాదరసం పూత వేసేవాళ్లు కనపడని చోట బంగారం దండగ చేయరు. వెనక వైపు కంచు బోసిగా, అక్కడక్కడ పూత జారిన చారలతో ఉంటే సంతోషించండి. ముందూ వెనకా, లోతులోనూ అంచులోనూ ఒకే పల్చని పసుపు ఉంటే అది కరెంటు పూత. అయితే కరెంటు పూత ఉన్నంత మాత్రాన కంచు కొత్తదని కాదు. పాతదానికి అరిగిపోయాక మళ్లీ పూత వేయించి ఉండొచ్చు.

స్క్రూలు, నట్లు కూడా చూడండి. చేత్తో కోసిన మరలు సమానంగా ఉండవు. ఒక దాని నట్టు ఇంకోదానికి పట్టదు. అందుకే పాత పనివాళ్లు ఏ ముక్క ఎక్కడిదో తెలియడానికి లోపలి వైపు ఆకురాయితో గీతలో, చుక్కలో పెట్టుకునేవాళ్లు. అవి దొరికితే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.


కొత్తసేకరణ, గుంటూరు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాగ్నెట్ పెట్టి చూస్తే కంచో కాదో తెలిసిపోదా?


చార్‌కమాన్, హైదరాబాద్

తెలియదు తమ్ముడూ. కంచుకీ అంటుకోదు, ఇత్తడికీ అంటుకోదు, నకిలీల్లో ఎక్కువగా వాడే జింకు మిశ్రమానికీ అంటుకోదు. ఇనుమైతేనే పట్టిస్తుంది. అడుగు భాగంలో పూత లేని చోట రంగు చూడాలి. కంచు, ఇత్తడి లోపల పసుపుగానో ఎరుపుగానో ఉంటాయి, జింకు బూడిద రంగులో ఉంటుంది. వేలి గోటితో తట్టితే కంచు మోగుతుంది, జింకు మొద్దుగా పలుకుతుంది. కచ్చితంగా తేలాలంటే ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ మిషన్ పెట్టాలి. మన బంగారం షాపుల్లో కారట్ చూసే మిషన్ కూడా ఆ పద్ధతిదే. పూతలో పాదరసం జాడ ఉందా అన్నది అది చెప్పగలదు, అందుకు తగ్గట్టు సెట్ చేసి ఉంటే.


ఉక్కునగరం, విశాఖపట్నం

మా నాన్నగారు స్టీల్ ప్లాంట్ ట్రైనింగ్ కోసం సోవియట్ యూనియన్ వెళ్లి ఒక క్రిస్టల్ గిన్నె తెచ్చారు. మా కాలనీలో ఇంటింటికీ ఒకటి ఉండేది. బరువుగా ఉంటుంది, కోత పదునుగా ఉంటుంది, తడితే చాలాసేపు మోగుతుంది. దానికి కూడా ఈ వాజులతో చుట్టరికం ఉందా? అమ్మ దాంట్లో ఆవకాయ పెడుతుంది.


గాజుపురుగు, లండన్

ఉక్కునగరం గారూ, ముందు ఆవకాయ తీసేయమనండి. క్రిస్టల్‌కి ఆ బరువు, ఆ మోత వచ్చేది లెడ్ (సీసం) ఆక్సైడ్ వల్ల. పులుపు, ఉప్పు కలిసిన పదార్థం రోజుల తరబడి అందులో ఉంటే సీసం ఊటలోకి దిగుతుంది. గిన్నెలో పూలో, పొడి సరుకో పెట్టుకోవచ్చు. భోజనాల టైములో కాసేపు వడ్డించుకున్నా పరవాలేదు, నిల్వ మాత్రం వద్దు.

చుట్టరికం ఉంది గానీ అది జార్ల ఫ్యాక్టరీతో కాదు. రష్యాలో ప్రైవేటు గాజు కుటుంబాలు వేరేగా ఉండేవి. మాల్త్సోవ్ వాళ్లు 1756లో పెట్టిన గూస్-ఖ్రుస్తాల్నీ, తర్వాత వాళ్లదే ద్యాత్‌కొవో, పెంజా వైపు 1764లో బఖ్‌మేతెవ్ పెట్టిన నికోల్‌స్కొయే ఫ్యాక్టరీ. విప్లవం తర్వాత కూడా ఈ ఊళ్లలో కొలుములు ఆరలేదు. మీ గిన్నె అలాంటి చోటి నుంచే వచ్చి ఉంటుంది. యాంటిక్ కాదు, కానీ చేత్తో కోసినదైతే మంచి వస్తువే. జాగ్రత్తగా ఉంచుకోండి.

ఇక వాజుల దగ్గరికి వస్తే, డాక్టర్ గారి ఆశ నాకు అర్థమవుతోంది. కానీ నీలం కాడ ఒక్కటే చూసి పీటర్స్‌బర్గ్ అనలేం. అదే కాలంలో పారిస్‌లో పాలే రొయాల్ దగ్గర ఎస్కలియే ద క్రిస్తాల్ అనే దుకాణం ఉండేది. దాని యజమానురాలు మదామ్ దెజార్నో 1819 పారిస్ ప్రదర్శనలో క్రిస్టల్, బంగారు కంచు కలిపిన డ్రెస్సింగ్ టేబుల్, కుర్చీ పెట్టింది. అవి ఇప్పుడు లూవ్ర్‌లో ఉన్నాయి. హంసలు, తామరాకు పట్టీలు, చదరపు దిమ్మ, ఇవన్నీ అక్కడా ఉన్నాయి. ఫ్రెంచి కంచు పనివాళ్లు పీటర్స్‌బర్గ్ వచ్చి స్థిరపడ్డారు, పియెర్ అజీ లాంటివాళ్లు అక్కడే వర్క్‌షాపులు నడిపారు. డిజైన్లు అటూ ఇటూ తిరిగాయి. తర్వాత బకరా అనే ఫ్రెంచి క్రిస్టల్ కంపెనీ వాళ్లు రష్యా రాజకుటుంబానికి నేరుగా సరుకు పంపారు. అంటే రష్యన్ ప్యాలెస్‌లో ఉన్నదని రుజువైనా, రష్యాలో చేసిందని రుజువైనట్టు కాదు.

వేలాల్లో రష్యన్ అన్న పేరుకి రేటు ఎక్కువ పలుకుతుంది. అందుకే దాన్ని తగిలించడానికి తొందరపడేవాళ్లూ ఎక్కువ. ఇంకా అమెరికాలో ఒక గందరగోళం ఉంది. అక్కడ రష్యన్ కట్ అని పిలిచే నమూనా అమెరికన్ పనే. 1882లో కార్నింగ్‌లోని హాక్స్ కంపెనీ కోసం ఫిలిప్ మెక్‌డొనాల్డ్ పేటెంట్ తీసుకున్నాడు. వాషింగ్టన్‌లోని రష్యన్ రాయబార కార్యాలయం ఆ నమూనాలో సెట్టు కొనడంతో పేరు స్థిరపడింది. 1891లో వైట్‌హౌస్‌కి డోర్ఫ్‌లింగర్ కంపెనీ చేసిచ్చిన సెట్టు కూడా ఆ నమూనాదే. మీ జత మీద ఉన్నది ఆ నక్షత్రాల కోత కాదు, మామూలు డైమండ్ కోతే. కానీ అడుగున ఏదైనా పాత చీటీ మీద రష్యన్ అని ఉంటే, ఆ చీటీ ఎవరు ఏ ఉద్దేశంతో అతికించారో ఆలోచించాలి.

కోత గురించి కూడా చెబుతాను. ఆ కాలంలో ముందు ఇనప చక్రం మీద ఇసుక, నీళ్లు పోస్తూ లోతు తీసేవాళ్లు. తర్వాత రాతి చక్రం మీద నునుపు చేసి, చివరికి చెక్క చక్రం మీద మెత్తటి పొడులతో మెరుగు పెట్టేవాళ్లు. అందుకే డైమండ్ మొనలు ఇప్పటికీ వేలికి గుచ్చుకుంటాయి. టార్చి ఏటవాలుగా వేసి భూతద్దంలో చూస్తే కోత పలకల మీద సన్నటి సమాంతర గీతలు కనిపిస్తాయి. ఆ తర్వాతి కాలంలో యాసిడ్‌లో ముంచి మెరుగు పెట్టడం వచ్చింది. దాంట్లో అంచులు కొద్దిగా కరిగి మెత్తబడతాయి. అచ్చులో నొక్కిన గాజైతే ఇంకా మొద్దుగా ఉంటుంది, అచ్చు అతుకు గీత కూడా ఎక్కడో దొరుకుతుంది.

చిన్న యూవీ టార్చి ఒకటి వెంట తీసుకెళ్లండి. సీసం గాజు చీకట్లో లేత నీలంగా వెలుగుతుంది. మాంగనీసు వేసిన మామూలు గాజు ఆకుపచ్చగా వెలుగుతుంది. జతలో రెండూ ఒకేలా వెలగాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. కంచు పట్టీ కింద ఏముందో చూడండి. గాజుని, కంచుని ఒకదాని కోసం ఒకటి చేసినప్పుడు, పట్టీ కప్పే మేరలో కోతపనివాడు డైమండ్లు కోయడు. చదునుగా వదిలేస్తాడు. వాడి టైమూ మిగులుతుంది, లోహం సరిగ్గా కూర్చుంటుంది కూడా. పట్టీ కింద కూడా డైమండ్ కోత కొనసాగుతూ ఉంటే, ఆ కంచు ఇంకో వస్తువు నుంచి తెచ్చి తొడిగింది అయ్యే అవకాశం ఎక్కువ.


నేవా_డాక్టర్, విజయవాడ

గాజుపురుగు గారితో చాలావరకు ఏకీభవిస్తాను. నాదొక అభ్యంతరం. ఫ్రెంచి వాజుల్లో కంచు ముందుకొస్తుంది, గాజు దానికి ఒదిగి ఉంటుంది. పీటర్స్‌బర్గ్ పనిలో గాజే రాజు. గోడ మందం ఎక్కువ, కోత లోతు ఎక్కువ, కంచు అవసరమైన చోట మాత్రమే ఉంటుంది. హెర్మిటేజ్‌లో వాటి మధ్య తిరిగిన కంటికి ఆ తేడా తెలుస్తుంది. హడ్సన్ గారి ఫొటోల్లో పాత్ర గోడ చాలా మందంగా ఉంది.

పుట్టుపూర్వోత్తరాల కాగితాలు కూడా అడగండి. 1920ల చివర, 30ల మొదట్లో సోవియట్ ప్రభుత్వం విదేశీ మారకం కోసం ప్యాలెస్ సామాను బయటికి అమ్మేసింది. అమెరికాలో హామర్ సోదరులు డిపార్ట్‌మెంట్ స్టోర్లలో పెట్టి మరీ అమ్మారు. మార్జొరీ మెరివెదర్ పోస్ట్ అనే అమెరికన్ కోటీశ్వరురాలు కొన్న వస్తువులు వాషింగ్టన్‌లో హిల్‌వుడ్ మ్యూజియంగా ఉన్నాయి. న్యూజెర్సీ బంగళాలోకి ఒక జత రావడం అసంభవమేమీ కాదు. ప్యాలెస్ వస్తువైతే అడుగున రంగుతో రాసిన ఇన్వెంటరీ నంబరు ఉండొచ్చు.


గాజుపురుగు, లండన్

మందం గురించి మీరన్నది మంచి గమనింపు. కానీ ఆ కాలపు ఇంగ్లీషు, ఐరిష్ గాజు కూడా మందంగానే ఉంటుంది, కోత కూడా లోతే. కంటితో చూసి కలిగే నమ్మకానికి నేను విలువిస్తాను, డబ్బు పెట్టేటప్పుడు మాత్రం దాని మీద ఆధారపడను. నంబరు విషయంలో ఒక జాగ్రత్త. నంబరుంటే అది ఏ ప్యాలెస్ జాబితాలో దేనికి సరిపోతుందో తేలాలి. రంగుతో నంబరు రాయడం ఎవరైనా చేయగలరు.


హడ్సన్_తెలుగోడు, న్యూజెర్సీ

ప్రివ్యూకి వెళ్లొచ్చాను. అక్కడున్నావిడ చాలా ఓపిక మనిషి. విప్పడానికి ఒప్పుకోలేదు గానీ, మెత్తటి బట్ట మీద పక్కకి పడుకోబెట్టి అడుగు చూపించారు. చూసింది చూసినట్టు రాస్తాను.

యూవీ కింద రెండు పాత్రలూ ఒకే లేత నీలం. డైమండ్ మొనలు చురుక్కుమంటున్నాయి. పలకల మీద సన్న గీతలు భూతద్దంలో కనిపించాయి. ఒకదాని అంచున గోరంత చిప్ ఉంది. దాన్ని రుద్ది నునుపు చేశారు, అక్కడ అంచు ఒంపు కాస్త తగ్గింది.

పిడుల వెనక భాగం చార్‌కమాన్ గారు చెప్పినట్టే ఉంది. గోధుమ రంగు కంచు బోసిగా, పక్కల నుంచి బంగారం చారలు జారి ఉన్నాయి. హంస మెడ మీద ఈకలు మసక, వాటి అంచులు మెరుపు. రెండో వాజులో ఎడమ పిడి మాత్రం వేరు. వెనకా ముందూ ఒకే పసుపు, మెరుపూ మసకా తేడా లేదు.

అడుగున దిమ్మ లోపల ఇనప రాడ్ వస్తుంది. మొదటిదానికి చదరపు నట్టు, ఒక పక్క కాస్త ఎక్కువ వెడల్పు. రెండోదానికి కొత్త ఆరు పలకల నట్టు. దిమ్మ లోపలి గోడ మీద మొదటిదానికి ఒక గీత, రెండోదానికి రెండు గీతలు ఉన్నాయి. పిడుల మొదట్లో కూడా అవే. పసుపు పిడికి మాత్రం గీత కనపడలేదు.

పట్టీ కింద టార్చి వేసి చూశాను. రెండిట్లోనూ డైమండ్ వరస పట్టీ అంచుకి సరిగ్గా పైన ఆగిపోయింది. కింద గాజు చదునుగా, మసక రుద్దుడుతో ఉంది. నీలం కాడ లోపల రాడ్ కోసం పెట్టిన రంధ్రం అంచు అరిగి, మురికి పట్టి ఉంది.

నంబరు లేదు, చీటీ లేదు. కాగితాల గురించి అడిగితే, ఆ కుటుంబం 1950లలో న్యూయార్క్‌లో కొన్నదని మాత్రమే చెప్పారు.


చార్‌కమాన్, హైదరాబాద్

భలే చూశావన్నా. ఆ ఒంటి గీత, జంట గీతలు చూసి చాలా సంతోషమేసింది. పనివాడు జత కలిపేటప్పుడు పెట్టుకున్న గుర్తులవి. మొదటి వాజు మొత్తం, రెండోదాంట్లో ఆ ఎడమ పిడి తప్ప మిగతా కంచంతా ఒకే వర్క్‌షాపులో, ఈ గాజు కోసమే చేశారని నా నమ్మకం. పసుపు పిడి తర్వాత ఎప్పుడో విరిగితే ఎదుటి పిడిని అచ్చు తీసి పోత పోయించి ఉంటారు. అలా చేస్తే కొత్తది పాతదానికన్నా కొంచెం చిన్నదవుతుంది, ఎందుకంటే లోహం చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది. మళ్లీ చూసే వీలుంటే కొలిచి చూడండి.

కొత్త నట్టు పెద్ద తప్పు కాదు, పాతది తుప్పు పట్టి ఉంటుంది.


గాజుపురుగు, లండన్

రంధ్రం గురించి ఒక మాట. ఇలాంటి వాజుల్ని 20వ శతాబ్దంలో చాలామంది టేబుల్ ల్యాంపులుగా మార్చారు, అడుగు నుంచి వైరు కోసం తొలిచారు. అయితే కంచు దిమ్మ ఉన్న వాజుకి మొదటి నుంచీ రాడ్ రంధ్రం ఉంటుంది, కాబట్టి రంధ్రం చూడగానే భయపడక్కర్లేదు. మీది అరిగి, మురికి పట్టి ఉందన్నారు, అది పాతదే. పాత్ర లోపలి నుంచి రాడ్ తల మీద కంచు పువ్వు లాంటి మూత ఉందా లేదా అన్నది మాత్రం ఫొటోలో చూసుకోండి.

నా అభిప్రాయం ఇదీ. గాజూ కంచూ కలిసి పుట్టినవే. కాలం కూడా కేటలాగులో చెప్పినదానికి దగ్గరే. ఊరు మాత్రం తేలలేదు. పాత డిజైన్ కాగితంతోనో, మ్యూజియంలో ఉన్న తోబుట్టువుతోనో పోలిస్తే తప్ప తేలదు. కాబట్టి 19వ శతాబ్దం మొదటి సగపు యూరప్ పని, ఒక పిడి మార్పు, ఒక అంచు చిప్, ఈ లెక్కన ధర కట్టుకోండి. పీటర్స్‌బర్గ్ పేరుకి పైసా అదనంగా ఇవ్వకండి. వేలం పాట మీద ఇంకో పాతిక శాతం అటూఇటూ బయ్యర్స్ ప్రీమియం (వేలంవాళ్లు కొన్నవాళ్ల దగ్గర తీసుకునే రుసుం) పడుతుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి.


నేవా_డాక్టర్, విజయవాడ

ఊరు తేలలేదన్నది ఒప్పుకుంటాను. నా మనసు మాత్రం పీటర్స్‌బర్గ్‌లో, నేవా నది ఒడ్డునే ఉంది. పట్టీ దగ్గర ఆగిపోయిన ఆ డైమండ్ వరస ఫొటో నేను దాచుకున్నాను. అంత శుభ్రమైన కోత ఎక్కడ చేసినా గొప్ప చెయ్యే.


నిర్వాహకుడు

చర్చ బాగా నడుస్తోంది, అందరికీ ధన్యవాదాలు. చదువుతున్న ఇండియా సభ్యులకి ఒక గమనిక. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం మన దేశంలో నూరేళ్లు దాటిన కళావస్తువుని బయటి దేశానికి పంపడం మీద నిషేధం ఉంది. విదేశంలో కొని ఇక్కడికి తెచ్చుకోవాలనుకునేవాళ్లు బిల్లు, వయసు తెలిపే కాగితం, కస్టమ్స్ కాగితాలు జాగ్రత్త చేసుకోండి, లేకపోతే రేపు మళ్లీ తీసుకెళ్లేటప్పుడు చిక్కులొస్తాయి.


కొత్తసేకరణ, గుంటూరు

ఇలాంటి కంచుని శుభ్రం ఎలా చేస్తారు? మా ఇంట్లో ఇత్తడి సామాను చింతపండుతోనే తోముతాం.


చార్‌కమాన్, హైదరాబాద్

చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి, ఏదీ దీని దగ్గరికి రానివ్వకు తమ్ముడూ. పులుపు కంచుని తినేస్తుంది, రుద్దుడు బంగారాన్ని లేపేస్తుంది. పోయిన పూత మళ్లీ రాదు. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. మరీ జిడ్డుంటే డిస్టిల్డ్ వాటర్‌లో దూది తడిపి, పిండేసి, అద్ది వెంటనే ఆరబెట్టాలి. గాజుని కంచుతో ఉన్నపళంగా నీళ్లలో ముంచకూడదు. నీళ్లు పట్టీ కిందకి చేరి రాడ్ తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బితే గాజు లోపలి నుంచే పగులుతుంది. అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్లు కూడా కంచుకి పడవు.


హడ్సన్_తెలుగోడు, న్యూజెర్సీ

జత నాకే వచ్చింది. మీరు చెప్పిన లెక్కతో ఒక పరిమితి పెట్టుకున్నాను, దానికి కొంచెం లోపే ఆగింది. ఫోన్లో పాడుతున్న ఒకాయన చివరిదాకా వెంటబడి వదిలేశాడు. బిల్లు మీద రష్యన్ కావచ్చు అనే రాశారు. అందరికీ చేతులెత్తి దండం.

ఇంకో సాయం కావాలి. కారులో నేనే తెచ్చుకుంటున్నాను. పిడి కొలతలు ఇంటికొచ్చాక తీసి పెడతాను. అలాగే తేవచ్చా, విప్పాలా?


చార్‌కమాన్, హైదరాబాద్

మొదటిదాని చదరపు నట్టు మీద చెయ్యి వేయకన్నా. తుప్పుతో బిగిసి ఉంటే తిప్పేటప్పుడు కాడ విరుగుతుంది. తెలిసిన రిపేరు మనిషి చేతిలోనే విప్పించు. రెండిటినీ విప్పకుండానే తీసుకురా. నిలబెట్టి తేకు. ఒక్కోదాన్ని విడి పెట్టెలో మెత్తటి దుప్పటి మీద పడుకోబెట్టి, పిడుల కింద బరువు పడకుండా పక్కల్లో గుడ్డ చుట్టలు దోపు. ఎత్తేటప్పుడు పిడులు పట్టుకోకు, ఒక చెయ్యి దిమ్మ కింద, ఇంకో చెయ్యి పాత్ర కింద.

ఇంటికొచ్చాక రెండోదాని కొత్త నట్టు ఒకసారి చూడు. ఎవరైనా స్పానరుతో గట్టిగా బిగించి ఉంటే కొంచెం సడలించి, వేళ్లతో తిరిగినంత మేరే బిగించి వదిలేయి. ఎండాకాలం, చలికాలం లోహం ఒకలా సాగుతుంది, గాజు ఒకలా సాగుతుంది. మధ్యలో పాత తోలు వాషరు ఉంటే పారేయకు. ఎండి పొడిగా రాలుతుంటే దాని మందానికే కొత్త తోలు కోయించి పెట్టు.


గాజుపురుగు, లండన్

పాత వాషరు, పాత నట్టు ఏవి తీసినా కవర్లో వేసి, ఏ వాజుదో రాసి పెట్టండి. పిడి కొలతలు పెట్టేటప్పుడు పట్టీ లోపలి వైపు ఫొటో కూడా ఒకటి పెట్టండి, మ్యూజియం వస్తువులతో పోల్చి చూస్తాను.